శర్క్ నావికుల ఆకాశమును కటకాకార గెలాక్సీలును

కువైటు అఖాతపు దక్షిణ తీరమున, సైఫ్ రాజప్రాసాదమునకు తూర్పుగా దస్మాన్ వరకు వ్యాపించియున్న శర్క్ అను ప్రాంతము నేడు చూచువారికి బ్యాంకుల మేడలతోను, కార్యాలయములతోను, చేపల బజారుతోను నిండిన నగరభాగముగా మాత్రమే కనబడును. 2011లో పూర్తియైన అల్ హమ్రా గోపురము నాలుగు వందల మీటర్లకు మించిన యెత్తున దాని నడుమ నిలిచియున్నది. కాని పాత కువైటు పట్టణము శర్క్, వసత్, జిబ్లా అను మూడు పేటలుగా విభక్తమై, మట్టి యిండ్లతోను ఇరుకు సందులతోను సముద్రమునంటి జీవించిన దినములలో, తూర్పుపేటయైన ఈ శర్క్ ఓడ సరంగులకును, పడవలు కట్టు వడ్రంగులకును, ముత్యముల కొఱకు మునుగు గజ ఈతగాండ్రకును నివాసభూమియై యుండెను. ఆ శర్క్ కథను, దానితో పాటు ఆకాశమునందలి కటకాకార గెలాక్సీల కథను పిల్లలకు కలిపి చెప్పవలెనని నా కోరిక. కటకాకార గెలాక్సీ యనునది రూపమును బట్టి ఒక్క వాక్యమున నిర్వచింపదగినదే. కాని దాని గతమును తెలిసికొననిదే అది యేమియో బోధపడదు. శర్క్ విషయమును అట్టిదే.

1760 దశకమున అరేబియా దేశములను పరిశీలించిన కార్‌స్టెన్ నీబూర్ అను యాత్రికుడు, ఈ పట్టణమున సుమారు పదివేల జనమును ఎనిమిది వందల నావలును గలవనియు, వర్తకము, చేపలవేట, ముత్యముల వేట వారి జీవనాధారములనియు వ్రాసెను. నేల ఏమియు పండింపదు. త్రాగునీరు సైతము పడవల మీద షత్-అల్-అరబ్ నది నుండి తెచ్చుకొనవలసినదే. కావున సమస్తమును సముద్రమే యీయవలసి వచ్చెను. శీతకాలమున ఇక్కడి బూమ్ అను పెద్ద ఓడలు బస్రా ఖర్జూరములను నింపుకొని, ఈశాన్య ఋతుపవనములను తెరచాపలకెత్తి, కరాచీ, బొంబాయి, కళ్లికోట రేవులకును, ఆఫ్రికా తూర్పు తీరమునకును పోయెడివి; మలబారు నుండి టేకును కొబ్బరిపీచు త్రాళ్లును, ఆఫ్రికా నుండి మడకఱ్ఱలును తెచ్చెడివి. శర్క్ ఇండ్ల కప్పులకు ఆ మడకఱ్ఱలే దూలములు, శర్క్ ఓడలకు ఆ టేకే దేహము. భారతదేశముతో గల ఈ బంధము ఎంత గట్టిదనగా, 1950 దశకము ముగియువరకు కువైటు అంగళ్లలో చెల్లిన నాణెము రూపాయియే.

ఎండలు ముదిరిన తరువాత ముత్యముల కాలము. మే మాసము మొదలు సెప్టెంబరు వరకు వందలకొలది పడవలు, వేలకొలది మనుష్యులు అఖాతమునందలి ముత్యపుచిప్పల తిప్పలకు తరలిపోయెడివారు. పిల్లలు దీనిని కొంచెము దగ్గరగా చూడవలెను. మునుగువాడు ముక్కుపుటములను ఫితామ్ అను చిన్న పట్టుకారుతో బిగించుకొనును. అది కొమ్ముతోనో తాబేటిచిప్పతోనో చేయబడినది. చిప్పల వాడి అంచులు కోయకుండ వ్రేళ్లకు తోలు తొడుగులు తొడుగుకొనును. మెడకు వ్రేలాడు వలబుట్ట పేరు దయ్యీన్. అతనికి రెండు త్రాళ్లు: ఒకదాని కొసను కట్టిన రాతి మీద పాదముంచి అతడు అడుగునకు దిగును, రెండవ త్రాటిని పడవ మీద నిలిచిన సైబ్ అను సహచరుడు చేత పట్టుకొని యుండును. ఊపిరి చాలనప్పుడు మునిగినవాడు ఆ త్రాటిని ఒక్కమారు లాగును, సైబ్ రెండు చేతులతో పైకి చేదును. ఒక్క నిమిషమో, కొంచెము హెచ్చో. ఇట్లు ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు క్రుంకువరకు దినమునకు పదులకొలది మార్లు. పగటి వేళ కడుపు నిండ తినరాదు. తిన్నచో ఊపిరి నిలువదు. రాత్రి మాత్రమే అన్నము, చేప, ఖర్జూరము. చిప్పలను మఱునాటి ఉదయమున సరంగు కన్నుల యెదుట అందఱును కూర్చుండి విప్పెడివారు. అంతవరకు ఆ రాశి ప్రక్కననే, తెరచాప గుడ్డల మీదనే నిద్ర.

అట్టి రాత్రులందు వారికి పైకప్పు ఆకాశమే. ఆ జనులకు ఆకాశము విలాసము కాదు. అది గడియారము, దిక్సూచి, పంచాంగము కూడ. వేసవి యెప్పుడు తగ్గునో, పడవలెప్పుడు ఇంటి మొగము పట్టవలెనో తెలుపు నక్షత్రము సుహైల్. దానిని మనము అగస్త్యుడందుము. కువైటు అక్షాంశము ఇరువది తొమ్మిదిన్నర డిగ్రీలకు సమీపమగుటచే ఈ తార అక్కడ దక్షిణదిక్కున ఎనిమిది డిగ్రీల యెత్తునకు మించి పోదు. సెప్టెంబరు తొలి వారమున తెల్లవారుజామున సముద్రపుటంచున అది మొదటిసారి కనబడినప్పుడు, ఎండల ప్రాణము పోయెనని వారు సంతోషించెడివారు. అగస్త్యోదయముతో జలములు తేరుకొనునని మన పెద్దలు చెప్పుట జ్ఞాపకము తెచ్చుకొనుడు. సుహైల్ ఉదయము మొదలుకొని సంవత్సరమును పదేసి దినములుగా లెక్కించు పద్ధతి గల్ఫు తీరమంతటను వాడుకలో నుండెను. ఇరువది యెనిమిది చంద్రనక్షత్రములను బట్టి పదుమూడేసి దినముల చొప్పున కాలమును విభజించు పద్ధతియు వారికి గలదు; అది మన రైతు కార్తెల లెక్కకు తోబుట్టువు. కడప జిల్లా నుండి శర్క్ చేరిన తెలుగువాడు తన తాత పొలము గట్టున చెప్పిన కార్తెలు ఇక్కడి సరంగు ఓడ మీద చెప్పిన లెక్కతో ఇంత దగ్గరగా సరిపోవునని తెలిసిన, ఈ ఊరు అతనికి పరదేశముగా తోచదు.

ముత్యము విషయమునను అట్టి సామ్యమే కలదు. స్వాతికార్తెలో కురిసిన చినుకు ముత్యపుచిప్పలో పడి ముత్యమగునని మనవారు నమ్మిరి. వానకాలపు రాత్రులందు చిప్పలు నీటిమీదికి తేలి, నోళ్లు తెరచి, చినుకును మ్రింగునని అరబ్బు తీరవాసులును నమ్మిరి. నిజమునకు చిప్పలోని మెత్తని దేహములో ఏదేని పరాన్నజీవియో అన్యపదార్థమో చొరబడినప్పుడు, ఆ జీవి తన చిప్ప లోపలి తళుకు పూతనే దాని చుట్టు పొర మీద పొరగా పూయుటచే ముత్యము పుట్టుచున్నది. నమ్మకము సత్యము కాకపోయినను, రెండు తీరముల ప్రజలు కడలిలోని వస్తువునకు కారణమును ఆకాశమున వెదకిరనుట నాకు గొప్పగా తోచును.

ఓడ నడుపుటలో నక్షత్రముల ప్రయోజనము ఇంకను సూక్ష్మమైనది. అరబ్బు నావికుల దిక్చక్రమున ముప్పది రెండు దిక్కులు కలవు. వాటికి పేరులు నక్షత్రముల ఉదయాస్తమయ స్థానములే. ఉత్తరమునకు జాహ్, అనగా ధ్రువము. ఈశాన్యమునకు అయ్యూఖ్, మన బ్రహ్మహృదయము. దానికి ఆవల వాఖిః, మన అభిజిత్తు. పిదప సిమాక్, మన స్వాతి. అటుపై సురయ్యా, మన కృత్తికలు. సరిగా తూర్పునకు శ్రవణా నక్షత్రము. ఆగ్నేయమునకు అక్రబ్, అది జ్యేష్ఠ. దక్షిణాగ్నేయమునకు సుహైల్. పేటలో ఓనమాలు నేర్వని పిల్లవాడు సైతము ఈ చక్రమును కంఠస్థము చేసెడివాడు. అక్షాంశమును కొలుచుటకు పూర్వకాలమున కమాల్ అను పరికరముండెను: చిన్న చతురపు పలక, దాని నడుమ నుండి ముడులు వేసిన దారము. దారమును పండ్ల నడుమ కరచిపట్టి, పలక క్రింది అంచును సముద్రపు రేఖకును పై అంచును ధ్రువమునకును ఆనించి, ఏ ముడి దగ్గర సరిపడినదో చూచినచో, తానెంత ఉత్తరమున నున్నాడో సరంగునకు తెలియును. ఆ కొలతకు మానము వ్రేలు; ఒక వ్రేలు ఒకటిన్నర డిగ్రీలకు కొంచెము హెచ్చు. 1490 ప్రాంతమున అహ్మద్ బిన్ మాజిద్ అను మహానావికుడు రచించిన గ్రంథమున ఈ శాస్త్రమంతయు క్రోడీకరింపబడినది. 20వ శతాబ్దమున ఈసా అల్ కుతామీ అను కువైటు సరంగు తనవారికై మఱియొక నావికాశాస్త్ర గ్రంథమును వ్రాసెను. పిల్లలు దీనిని నేడును పరీక్షింపవచ్చును. చేయి చాచి పిడికిలి పట్టినచో అది సుమారు పది డిగ్రీలు. శర్క్ సముద్రపు గట్టున ధ్రువనక్షత్రము మూడు పిడికిళ్ల యెత్తున నుండును. కడపలో అది ఒకటిన్నర పిడికిళ్లకు దిగిపోవును. విమానమున నాలుగైదు గంటలలో దాటిన దూరమును ఆ పిడికిళ్ల తేడాయే కన్నులకు కట్టినట్లు చూపును.

నావికులెఱిగిన ఈ ఆకాశమున నక్షత్రము కాని వస్తువొకటి యుండెను. క్రీ.శ. 964లో అబ్దుల్ రహ్మాన్ అల్ సూఫీ అను పండితుడు ఇస్ఫహానులో స్థిరనక్షత్రములను గురించి రచించిన గ్రంథమున, మన ఉత్తరాభాద్రకు ఈశాన్యముగా ఒక చిన్న మేఘము వంటిది కలదని గుర్తించెను. అది ఆండ్రోమెడా గెలాక్సీ. ఇరువది యైదు లక్షల కాంతి సంవత్సరముల దూరముననున్న మఱియొక నక్షత్ర మహాసముదాయము. మన సూర్యుడును, రాత్రి కంటికి విడివిడిగా కనబడు నక్షత్రములన్నియు పాలపుంత యను ఒక్క గెలాక్సీలోనివే. అట్టివి విశ్వమున లెక్కకు మిక్కిలిగా నున్నవి. అల్ సూఫీ కాలమున ఆ మేఘము స్వభావమును తెలియు సాధనము లేదు. ఎనిమిది వందల యేండ్ల తరువాత, పారిస్ నగరమున చార్లెస్ మెస్సియేయు అతని మిత్రుడు పియేర్ మెషానును తోకచుక్కలను వెదకుచు, వాటితో పొరబడకుండుటకై ఇట్టి మేఘములను పట్టిక వేయసాగిరి. 1781 మార్చి 4వ తేదీన మెషాను కనుగొనిన ఒక మసక వెలుగు ఆ పట్టికలో 85వది యయ్యెను. ఈ కథలో అదియే మనకు ముఖ్యము. విలియం హెర్షెల్ 1787లో మఱియొకదానిని కనుగొనెను. అది కదురువలె రెండు కొసలు సన్నగిలి పొడవుగా కనబడును, నేడు దాని పేరు ఎన్.జి.సి. 3115. ఈ రెండును కటకాకార గెలాక్సీలే. కనుగొనినవారికి ఆ సంగతి తెలియదు. నీబూర్ చెప్పిన ఎనిమిది వందల నావలు ఆ నాటికి శర్క్ తీరమున ముత్యములను ఏరుచునే యుండెను.

ఆ ముత్యములు పోయిన చోటులలో ఒకటి హైదరాబాదు. గల్ఫు ముత్యమునకు మనవారు బస్రాముత్యమని పేరిడిరి. నిజాముల నగలలో ఏడు పేటల బస్రాముత్యాల హారము ప్రసిద్ధమైనది. చార్మినారు ముంగిట పత్తర్‌గట్టీలో ముత్యముల బేరము నేటికిని సాగుచున్నది. శర్క్ ఈతగాడు ప్రాణములొడ్డి తీసిన ముత్యము తావ్వాష్ అను వర్తకుని జల్లెడలలో పరిమాణమును బట్టి వేఱుచేయబడి, బొంబాయి మీదుగా వచ్చి, మూసీ తీరమున ఒక కంఠమును చేరెడిది. అదే హైదరాబాదున 1901లో నవాబు జఫర్ జంగు తన వేధశాలను స్థాపించెను. 1908లో నిజాము ప్రభుత్వము దానిని చేపట్టెను. పిమ్మట బేగంపేటలో నిజామియా వేధశాలవారు ప్రపంచ వేధశాలలన్నియు పంచుకొనిన ఆకాశచిత్ర మహాప్రయత్నమున తమ భాగమును ఫోటో పలకల మీద పట్టి, నక్షత్రముల స్థానములను కొలిచిరి. దశాబ్దముల తరబడి చేసిన ఆ కొలతలకు తెలుగునాట రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయము.

గెలాక్సీల స్వరూపము తేలినది 1920 దశకమున. ఎడ్విన్ హబుల్ కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద నూరంగుళముల దూరదర్శినితో ఆండ్రోమెడా పాలపుంతకు వెలుపలిదని నిరూపించి, పిదప గెలాక్సీలను ఆకారమును బట్టి వర్గములుగా విభజించెను: గ్రుడ్డు వలె నున్ననైన దీర్ఘవృత్తాకారములు ఒక వైపు, బాహువులు చుట్టలు చుట్టుకొనిన సర్పిలములు వేఱొక వైపు. ఈ రెంటి నడుమ, బాహువులు లేకున్నను బిళ్లవంటి చదునైన దేహము గలది ఒకటి యుండవలెనని తర్కించి, 1936లో ప్రకటించిన గ్రంథమున దానికి ఎస్-సున్న అని గుర్తిడెను. అప్పటికి అది ఊహాకల్పితమగు మెట్టు మాత్రమే. తరువాత ఛాయాచిత్రములలో అట్టివి వందలకొలదిగా దొరకినవి. సరిగా ఆ సంవత్సరములలోనే శర్క్ బ్రదుకు తలక్రిందులగుచుండెను. జపానులో మికిమోటో మొదలగువారు పెంచిన ముత్యములు లోకపు విపణులను నింపినవి. 1929 తరువాతి ఆర్థిక మాంద్యము కొనువారిని లేకుండ చేసెను. 1912లో అపూర్వమైన రాబడి తెచ్చిన ముత్యముల వేట ఇరువది యేండ్లలో క్షీణించెను. 1938 ఫిబ్రవరిలో బుర్గాన్ వద్ద నూనె పడెను. ఆ యేటనే ఆలన్ విలియర్స్ అను ఆస్ట్రేలియా నావికుడు, తెరచాప ఓడల కాలము ముగియుచున్నదని తెలిసి, అలీ బిన్ నాసర్ అల్ నజ్దీ అను కువైటు సరంగు నడుపు బయాన్ అను బూమ్ మీద ప్రయాణము చేసి, చూచినదంతయు గ్రంథస్థము చేసెను. అతడు వ్రాయకున్నచో మనకు తెలియకుండ పోవు విషయములు అనేకములు.

ఇక పిల్లలారా, కటకాకార గెలాక్సీ యననేమో వినుడు. ఒక మసూరు గింజను చేత తీసికొని బల్లమీద పెట్టి పైనుండి చూడుడు: గుండ్రముగా నుండును. ఓరగా పట్టి అంచువైపు నుండి చూడుడు: నడుమ ఉబ్బి, కొసలు పలుచనై, సన్నని కదురువలె కనబడును. కటకమును అట్టిదే, ఈ గెలాక్సీల రూపమును అట్టిదే. నడుమ ఉబ్బెత్తు భాగమున ముదుసలి నక్షత్రములు క్రిక్కిరిసి యుండును. దాని చుట్టును పలుచని బిళ్ల. పాలపుంతకును అట్టి బిళ్ల కలదు గాని, మన బిళ్లలో బాహువులు కలవు, వీటిలో లేవు. ఈ తేడాకు కారణమేమి?

నక్షత్రములు వాయువు నుండి పుట్టును. గెలాక్సీ బిళ్లలో తిరుగాడు చల్లని హైడ్రోజను వాయువు అక్కడక్కడ ఒత్తుకొని, తన బరువునకు తానే కుంగి, నక్షత్రములుగా రగులుకొనును. సర్పిల బాహువులు ఇట్టి ఒత్తిడి కలుగు తావులు. అచ్చట పుట్టు నక్షత్రములలో మిక్కిలి పెద్దవి నీలికాంతితో ధగధగ మండి, కొన్ని పదుల లక్షల యేండ్లకో కోటి రెండు కోట్ల యేండ్లకో ఆయువు తీరి పోవును. మన సూర్యునివంటి పసుపు నక్షత్రములు వేయి కోట్ల యేండ్లు బ్రదుకును. ఎఱ్ఱని చిన్నవి అంతకు ఎన్నో రెట్లు. కావున వాయువున్నంత కాలము బాహువులు నీలికాంతితో మెఱయుచునే యుండును. వాయువు పోయిన దినమున నూతన జననము ఆగును. నీలితారలు ముందుగా ఆరిపోవును. బాహువులు మాసి, చెదరి, అంతరించును. పసుపు, ఎఱుపు వన్నెల వృద్ధతారలు మాత్రము మునుపటి కక్ష్యలలోనే, మునుపటి దిక్కుననే తిరుగుచుండును. బిళ్ల నిలుచును, బాహువులు పోవును. అదియే కటకాకార గెలాక్సీ. అది చచ్చిన గెలాక్సీ యని కొందఱు వ్రాయుదురు. నాకది సమ్మతము కాదు. కోటానుకోట్ల సూర్యులు వెలుగుచున్న చోటును అట్లనరాదు. ఎన్.జి.సి. 3115 నడుమ సూర్యునికి సుమారు నూరు కోట్ల రెట్ల ద్రవ్యరాశి గల కృష్ణబిలము కలదని 1992లో తేలినది. దాని చుట్టు నక్షత్రములు మహావేగముతో పరుగులిడుచున్నవి.

వాయువెట్లు పోవును? దీనికి సమాధానము ఒక్కటి కాదు. 1951లో లైమన్ స్పిట్జర్, వాల్టర్ బాడె అను శాస్త్రజ్ఞులు, గుంపులలోని గెలాక్సీలు ఒకదానిలో నుండి ఒకటి దూసికొని పోవునప్పుడు నక్షత్రములు తాకుకొనకుండ తప్పుకొనిపోవుననియు, వాయువు మాత్రము ఒరసికొని వెనుక చిక్కుపడుననియు తలచిరి. 1972లో జేమ్స్ గన్, రిచర్డ్ గాట్ వేఱొక మార్గమును చూపిరి: పెద్ద గుంపుల నడుమ కోట్ల డిగ్రీల వేడిమి గల పలుచని వాయువు నిండియున్నది, గెలాక్సీ దానిలోనికి పడునప్పుడు ఎదురుగాలి వంటి ఒత్తిడి పుట్టి, దాని చల్లని వాయువును ఊడ్చివేయును. వెలుపలి నుండి క్రొత్త వాయువు రాకడ నిలిచి, ఉన్నది ఖర్చయిపోవుటయు నొక కారణము. రెండు గెలాక్సీలు కలిసి యొకటియగుటయు నొక కారణము. 1980లో అలన్ డ్రెస్లర్ యేబది యైదు గుంపులను పరిశీలించి, జనసమ్మర్దము హెచ్చిన చోట కటకాకారములు హెచ్చుగాను సర్పిలములు తక్కువగాను ఉన్నవని చూపెను. పిమ్మట హబుల్ పేరిటి అంతరిక్ష దూరదర్శిని దూరపు గుంపులను చిత్రించెను. దూరమును చూచుట గతమును చూచుటయే గదా. సుమారు ఐదు వందల కోట్ల యేండ్ల నాటి గుంపులలో సర్పిలములు అనేకము, కటకాకారములు అల్పము. నాటి సర్పిలములే నేటి కటకాకారములైనవని తేల్చుటకు ఇది బలమైన సాక్ష్యము. ఏ గెలాక్సీకి ఏ కారణము వర్తించినదో దాని వాయుశేషమును, ధూళిరేఖలను, తారల చలనమును పరీక్షించి విడివిడిగా చెప్పవలసియుండును. ఒక ఊరి చరిత్రను శాసనములను, దస్తావేజులను, పునాదులను చూచి చెప్పునట్టి పనియే యిది.

స్పిట్జర్, బాడెల వ్యాసము వెలువడిన 1951లోనే కువైటు పాలకులు ఆంగ్ల వాస్తుశిల్పులచే క్రొత్త పట్టణపు పటమును గీయించుచుండిరి. 1946లో నూనె ఎగుమతి మొదలైనది; ధనము వరదవలె వచ్చెను. పాతపేటలలోని మట్టియిండ్లను ప్రభుత్వము కొని కూల్చి, జనమును వెలుపలి క్రొత్త పేటలకు పంపెను. 1920లో పట్టణమంతయు చేయి కలిపి కట్టిన ప్రాకారము 1957లో పడగొట్టబడినది. ద్వారములు మాత్రము మిగిలినవి. శర్క్ సముద్రపు దారిలో బ్రిటిషువారి రాజకీయ ప్రతినిధులు 1904 నుండి నివసించిన యిల్లు, పిమ్మట హెరాల్డ్ డిక్సన్ దంపతుల నివాసమై, నేడును బైత్ డిక్సన్ అను పేర నిలిచియున్నది. ఆ కూల్చివేతను తలచి కేవలము దుఃఖించుట న్యాయము కాదు. మునిగెడివాడు ముందుగా తీసికొనిన బదులు తీరక, ఏటేట అదే సరంగు పడవయెక్కుటయు, అప్పు తండ్రి నుండి కొడుకునకు సంక్రమించుటయు గలవు. చెవులు పగిలినవారు, చూపు మందగించినవారు, మరల పైకి రానివారు గలరు. ఆ శ్రమ పోవుట మేలే. కాని దానితో పాటు ఒక విద్య పోయినది. వేసవి రాత్రులందు మేడమీద పండుకొనిన పిల్లవానికి తాత ఒక్కొక్క తారను చూపి పేరు చెప్పు అలవాటు, చలువయంత్రములు వచ్చి జనము ఇంటిలోపల పండుకొన నారంభించిన పిమ్మట నిలిచిపోయినది. ఈ నష్టమును గూర్చి నాకు నిజముగా చింత కలదు.

ఆ విద్యను పూర్తిగా పోనీయక నిలిపిన పుణ్యపురుషుడు సాలిహ్ అల్ ఉజైరీ. పాత కువైటులో బాల్యము గడపి, స్వయంకృషితో ఖగోళగణితము నేర్చి, సూర్యచంద్రుల గతులను, నమాజు వేళలను, ఋతువులను, సుహైల్ ఉదయమును గణించి ఏటేట ఆయన ప్రకటించిన పంచాంగము కువైటు ఇండ్ల గోడలన్నిటి మీదను వ్రేలాడెను. నూరేండ్లు దాటిన వయసున 2022లో ఆయన కాలధర్మము నొందెను. కువైటు సైన్స్ క్లబ్బులోని వేధశాలకు ఆయన పేరే. మన గోడల మీది తెలుగు పంచాంగమును చూచి తిథి వార నక్షత్రములను చెప్పు తెలుగు ఇల్లాలు, అంగడిలో అల్ ఉజైరీ పంచాంగమును చూచినచో, అది ఏ పనికై పుట్టినదో ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు.

నేడు కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుండి వచ్చిన తెలుగువారు వేలకొలదిగా కువైటులో నున్నారు. శర్క్ దీపకాంతిలో పది పదిహేను తారలకు మించి కనబడవు. కాని శీతకాలమున ఎడారిలో గుడారములు వేసికొను వాడుక ఈ దేశమున గలదు, అక్కడి ఆకాశము పాత సరంగులెఱిగినదే. పిల్లలను వెంట తీసికొనిపోవు తండ్రులకు ఒక దారి చెప్పెదను. మార్చి నెల నడిరేయి, తల పైకెత్తి చూచినచో సింహరాశి తోకన ఉత్తరఫల్గుణియు, దానికి తూర్పుగా నారింజవన్నెతో స్వాతియు కనబడును. ఉత్తరఫల్గుణి నుండి స్వాతి వైపు గీచిన రేఖలో నాలుగవ వంతు దూరము సాగి, అక్కడికి కొంచెము ఉత్తరముగా ఆరంగుళముల దూరదర్శినిని నిలిపి నెమ్మదిగా వెదకుడు. మసకబారిన చిన్న వెలుగు, నడుమ కొంచెము ప్రకాశవంతముగా కనబడును. అదియే మెషాను చూచిన మెస్సియే 85. దూరము సుమారు ఆరు కోట్ల కాంతి సంవత్సరములు. అడ్డుకొలత లక్ష కాంతి సంవత్సరములకు పైన. కంటికి నేరుగా రంగు తెలియదు గాని, ఛాయాచిత్రమున అది వృద్ధతారల పసుపువన్నెతో నుండును. పూర్వము వేఱు గెలాక్సీతో కలిసిన గుఱుతులు దాని దేహమున కలవు.

దానికి తూర్పున, పూర్ణచంద్రుని వెడల్పులో పావు వంతు దూరమున, ఇంకను మసకైన చుక్క యొకటి యుండును. హెర్షెల్ 1784లో దానిని చూచెను. నేటి పేరు ఎన్.జి.సి. 4394. అది సర్పిలము, దానికి బాహువులు కలవు, వాయువు కలదు, నీలితారలు ఇంకను పుట్టుచున్నవి. ఈ రెంటిని ఒకే చూపులో చూపించి, ప్రక్కప్రక్కనున్నవారి గతములు ఎట్లు వేఱైనవో పిల్లలనే అడుగుడు. సమాధానములు తొందరపడి మీరు చెప్పవద్దు. జూనులో సెలవులకు కడపకు వెళ్లిన పిల్లలకు మబ్బులు అడ్డు రాకున్నచో, చీకటి పడిన వెంటనే ఈ జంట నడినెత్తికి కొంచెము పడమరగా దొరకును. మార్చి రాత్రి కువైటులో నడినెత్తికి దక్షిణముగా పిడికిలికి మించిన యెడముననున్నది, కడపలో నడినెత్తికి ఉత్తరముగా రెండు మూడు వ్రేళ్ల యెడముననే దాటిపోవును. ఏ వైపునకు ఎన్ని వ్రేళ్లు జరిగినదో కొలిచి వ్రాసికొని రమ్మనుడు.